సూర్యుడు కాచిన నీళ్లు

ఎండ పుష్కలముగా నుండు దేశమున నీళ్లు కాచుటకు కట్టెలేల, బొగ్గేల యను ప్రశ్న క్రొత్తది కాదు. అమెరికాలోని బాల్టిమోరు నగరవాసి క్లారెన్సు కెంపు 1891లో, నల్లరంగు పూసిన నీటితొట్లను అద్దపుమూత గల పెట్టెలో నమర్చి, పేటెంటు హక్కు పొందెను. ‘క్లైమాక్సు’ అను నీ యంత్రము, ఎండ మెండుగాను బొగ్గు ప్రియముగాను ఉండిన కాలిఫోర్నియాలో వ్యాపించెను. అయితే రాత్రి యగుసరికి నీళ్లు చల్లారెడివి.

1909లో విలియం బెయిలీ యీ లోపమును దీర్చెను. ఎండకు కాగు గొట్టములను వేరుచేసి, వేడినీటితొట్టిని వానికంటె నెత్తున నుంచి, వేడి పోకుండ కప్పెను. కాగిన నీరు తేలికయై తనంతట తానే పైకెక్కును. చల్లనిది క్రిందికి దిగును. పంపుతో బనిలేదు. తెల్లవారినను నీరు వెచ్చగా నుండెను.

1920వ దశాబ్దమున లాస్ ఏంజెలీసు ప్రాంతమున సహజవాయువు చౌకగా దొరకగా జనులు దానివైపు మరలిరి. యంత్రమున దోషము లేదు, ఎండయు తగ్గలేదు. ఇజ్రాయేలు మాత్రము, 1973 నాటి చమురుకొరత పిదప, 1980లో క్రొత్త నివాసగృహములకు సౌరతాపకమును శాసనముచే విధించెను.

తారీఖులకంటె కారణములను గుర్తుంచుకొనుడని నేను బడిపిల్లలకు చెప్పెడివాడను. ఇక్కడి కారణ మిది: చౌకయైన యింధనము మంచి విద్యను మఱపించును, అది ప్రియమైన నాడు మరల మొదటినుండి నేర్చుకొనవలసివచ్చును. మన మేడలమీదను ఎండకు కొదువ లేదు. నేర్చిన విద్యను మఱవకుందుము గాక!