తప్పెవ్వరిదని ముందుగా అడుగని దేశము

న్యూజీలాండునందు మా పరిచితులగు తెలుగు దంపతులకు తొలి సంతానము కలిగినపుడు, శిరస్సు వెలువడిన పిదప శిశువు భుజము చిక్కుకొనుటచేత మెడ దగ్గరి నరములు సాగి, పసిబిడ్డ కుడిచేయి కదలక వ్రేలాడుచుండగా, పురుడు పోసిన మిడ్‌వైఫే తల్లి మంచము ప్రక్కన కూర్చుండి, ఏ క్షణమున ఏమి జరిగెనో, తాను బిడ్డను ఏ రీతిగా బయటికి తీసెనో, ఒక్కటియు దాచక పరిహారపు అర్జీలో వ్రాయుట చూచి నేను మిక్కిలి ఆశ్చర్యపడితిని. మన ప్రాంతమున అట్టి సమయమున కేసుషీటు నకలు సంపాదించుటకే బంధువులందరును ఆసుపత్రి వాకిట నిలువవలసి వచ్చుట మీరెరుగనిది కాదు.

ఈ నిర్భయతకు మూలము న్యాయమూర్తి ఓవెన్ వుడ్‌హౌస్ అధ్యక్షతన ఏర్పడిన రాయల్ కమిషన్ 1967లో సమర్పించిన నివేదిక. కార్మికుల గాయముల సంగతి విచారింప నియమితుడైన ఆ మహనీయుడు, గాయము పనిలో తగిలినను ఇంట తగిలినను బాధ యొక్కటియే కదా యని తలంచి, ఎదుటివాని దోషమును కోర్టులో నిరూపించినవానికే ధనము దక్కు పద్ధతి లాటరీ వంటిదని త్రోసిపుచ్చి, గాయపడినవారి భారమును సమాజమే మోయవలెనని నిర్ధారించెను. 1972లో చట్టము పుట్టి 1974 ఏప్రిల్ 1 నుండి అమలయ్యెను. జీతములనుండియు, యజమానులనుండియు, పెట్రోలు మీదను వసూలగు సొమ్ముతో ఏసీసీ యను సంస్థ చికిత్సా వ్యయమును భరించి, పోయిన సంపాదనలో నూటికి 80 వంతులు చెల్లించును. అందుకు బదులుగా ప్రజలు పరిహారపు దావా వేయు హక్కును వదలుకొనిరి.

వైద్యమున కలిగిన హానికి మాత్రము వైద్యుని పొరపాటునో, అరుదైన తీవ్రానర్థమునో చూపవలసి యుండెడిది. 2005 జూలై 1 నుండి ఆ నిబంధనయు తొలగి, చికిత్సకు సహజఫలితము కాని గాయము చికిత్సవలననే కలిగినదని తేలిన చాలునను నియమము వచ్చెను. ప్రసవమున చీలికలు మొదలగు గాయములు పొందిన తల్లులకు 2022 అక్టోబరు 1 నుండి ఈ రక్షణ విస్తరించెను. వైద్యుల ప్రవర్తనను విచారించుటకు వేరొక కమిషనరు కలడు. ఆ విచారణ ముగియువరకు బిడ్డ వేచియుండ నక్కరలేదు.

మన దేశమున బిడ్డయు వేచియుండవలెను. 1996లో చెన్నై ఎగ్మూరు ప్రభుత్వాసుపత్రిలో నెలలు నిండక పుట్టిన ఆడశిశువునకు రెటీనా పరీక్ష అవసరమని చెప్పినవారు లేక చూపు పోగా, సుప్రీంకోర్టు సుమారు 1 కోటి 80 లక్షల రూపాయలు ఇప్పించినది 2015లో. మన హైదరాబాదు నిమ్స్‌లో 1990లో శస్త్రచికిత్స పిదప కాళ్లు చచ్చుపడిన ఇంజనీరింగు విద్యార్థి, చక్రాల కుర్చీలో కూర్చుండి తన వాదము తానే వినిపించి, కోటి రూపాయలు పొందినది 2009లో. వీరిరువురును గెలిచిరి, అంతకాలము పోరాడజాలని వారి పేళ్లు తీర్పులలో కానరావు.

ఇదంతయు పరదేశపు వింత యని మన ఎర్రవల్లి గ్రామము వారనుకొనరాదు. 2018లో తెలంగాణలో వచ్చిన రైతుబీమా ఇట్టిదే కాదా? పట్టా పాసుపుస్తకము గల రైతు, 18 మొదలు 59 ఏండ్లలోపు, పాము కరచి మరణించినను, జ్వరమున మరణించినను, ప్రీమియము సర్కారు కట్టిన కారణమున నామినీకి 5 లక్షలు చేరును. కారణమెవ్వరని ఎవ్వరును నిలదీయరు. వరినాట్ల కాలమున కొండపోచమ్మ సాగర్ నీరు మళ్లలో మెరయుట తలపునకు వచ్చినపుడెల్ల, ఈ చలిదేశమున నాకు కన్ను చెమర్చును. ఆ మళ్లలోని కౌలురైతు కూడ గుర్తుకు వచ్చును. అతని పేర భూమి లేదు గనుక బీమా లేదు.

న్యూజీలాండునందును ఇట్టి గీత యొకటి కలదు. చికిత్సవలన మెదడు దెబ్బతిన్న బిడ్డకు ఏసీసీ జీవితాంతము తోడుండును. ప్రక్క ఇంట అదే అవస్థతో, చికిత్స కారణము కాకయే పుట్టిన బిడ్డకు ఆ తోడు లేదు. ఇద్దరి తల్లుల రాత్రులు ఒక్కటియే. ఇది నన్ను కలవరపెట్టును. అయినను, మన సర్కారు దవాఖానలో గాయపడి పుట్టిన బిడ్డకు ముందు చికిత్సయు పోషణయు అందవలెననియు, తప్పొప్పుల విచారణ దాని దారిన అది సాగవలెననియు మనము గట్టిగా కోరవలెను. రైతు మరణించిన ఇంటికి చేయగలిగిన ప్రభుత్వము బ్రదుకవలసిన బిడ్డకు చేయజాలననుట న్యాయము కాదు.