వనము, ఫిరంగి, గ్రామము: నేతర్‌హాట్ పీఠభూమి చరిత్ర

పంట పోయిన పిదప వ్రాయు అంచనాకంటె, పైరు చేనిలో నుండగా చూచి వ్రాసిన అడంగలునకు విలువ హెచ్చని గ్రామలెక్కలు వ్రాయు ప్రతివాడును ఎఱుగును. పోయినదెంతో తెలియవలెనన్న ముందుండిన దెంతో వ్రాసి యుండవలెను. ఈ సూత్రము ఒక మడిచెక్కకే గాక మహారణ్యమునకును వర్తించును. అడవినేలను సైన్యమువారి ఫిరంగి అభ్యాసమునకు ఒసగుటకు పూర్వము అచ్చటి చెట్టు, నీరు, మృగము, మనుష్యుడు ఏమగునో విచారించి వ్రాయు లెక్కకే నేటివారు పర్యావరణ ప్రభావ సమీక్ష యని పేరిడిరి. అట్టి లెక్కను ఏ శాసనమును అడుగని కాలమున ముప్పది యేండ్లు ఫిరంగులు మ్రోగిన యొక పీఠభూమి చరిత్రమును ఈ రజతోత్సవ సంచిక పాఠకులకు విన్నవింప దలచితిని.

వనమును ఆయుధమును ఎదురుపడిన కథ మనకు క్రొత్తది కాదు. భారతము ఆదిపర్వమున అర్జునునకు గాండీవము లభించినది ఖాండవ దహన సందర్భముననే. అంతటి మంటలోను ఎవరెవరు బ్రతికి బయటపడిరో వ్యాసమహర్షి లెక్క విడువలేదు. తక్షకుని కుమారుడగు అశ్వసేనుడు, దానవశిల్పియగు మయుడు, నాలుగు శార్ఙ్గక పక్షులు: వెరసి ఆరు ప్రాణములు. వీరిలో అశ్వసేనుడు తల్లిని గోల్పోయిన పగను మఱువక, కర్ణపర్వమున కర్ణుని బాణమును ఆశ్రయించి వచ్చి అర్జునుని కిరీటమును పడగొట్టెను. అడవికి చేసిన హాని అడవితో ముగియదని పెద్దలు ఈ కథవలన మనకు తెలిపిరని నేను తలంచుచుందును.

ఇక చరిత్రకు వత్తము. 1938వ సంవత్సరమున, బ్రిటిషువారి యేలుబడిలో, సైనిక విన్యాసములను, క్షేత్ర కాల్పులను, ఫిరంగి అభ్యాసమును గూర్చి యొక చట్టము వెలువడెను. దాని 9వ విభాగము ననుసరించి, రాష్ట్ర ప్రభుత్వము గెజిట్టులో ప్రకటించి ఒక ప్రాంతమున కొన్ని యేండ్లపాటు కాల్పుల అభ్యాసమునకు అనుమతి నీయవచ్చును. భూమిని కొననక్కఱ లేదు. హక్కు రైతు పేరనే యుండును. కాల్పులు జరుగు వేళల అపాయ ప్రాంతమునుండి మనుష్యులను, పశువులను తొలగించు అధికారము కలెక్టరునకు కలదు. కలిగిన నష్టమునకు పరిహారము నొసగవలెను. పైకి ఇది న్యాయముగనే తోచును. కాని నష్టపోయితినని దరఖాస్తు పెట్టుకొనుటకు ఒక మనిషి యుండవలెను గదా. కొండయూటకును, లేళ్ల మందకును, గుండు తగిలి మోడైన మ్రానుకును దరఖాస్తు పెట్టువాడెవడు? ముందుగా వనమును పరీక్షింపుడని ఆ చట్టము ఎచ్చటను చెప్పదు.

ఈ చట్టమునకు లోబడిన ప్రదేశములలో నేతర్‌హాట్ పీఠభూమి యొకటి. అది ఆనాడు బీహారు రాష్ట్రమున నుండెను. 2000వ సంవత్సరమునుండి ఝార్ఖండు రాష్ట్రమున లాతేహార్, గుమ్లా జిల్లాలలో నున్నది. సముద్రమట్టమునకు వేయి మీటర్లకు పైబడిన ఎత్తు. సాలవృక్షముల అడవులు, ఇప్పపూవు, తునికాకు, లక్క ఆ ప్రాంతపు సంపద. సమీపముననే పాలామూ పులుల అభయారణ్యము కలదు. 1973లో దేశమున మొట్టమొదట ఏర్పఱచిన తొమ్మిది వ్యాఘ్ర సంరక్షణ ప్రాంతములలో అది యొకటి. అచ్చటి నివాసులు ఒరావులు, ముండాలు, అసురులు, బిర్జియాలు మున్నగు ఆదివాసులు. వీరిలో అసురులు రాతినుండి ఇనుము తీయు ప్రాచీన విద్యకు ప్రసిద్ధులు. ఒరావుల కుఱుఖు భాష ద్రావిడ కుటుంబమునకు చెందినది. కావున వారు భాషచేత మనకు దూరపు జ్ఞాతులు.

1964 మొదలు 1994 వఱకు ఈ పీఠభూమిపై సైన్యమువారు ఫిరంగి అభ్యాసము సలిపిరి. కాల్పుల దినములలో తెల్లవాఱక మునుపే పిల్లలను, పశువులను వెంటబెట్టుకొని ఇండ్లు విడిచి పోవలసి వచ్చుట, పైరు నలుగుట, ప్రేలక మిగిలిన గుండ్లవలని ప్రాణభయము: ఇవి ఆ గ్రామస్థులు చెప్పుకొనిన బాధలు. 1991, 1992 సంవత్సరముల ప్రకటనలతో క్షేత్రము మిగుల విస్తరించెను. 245 గ్రామములు, సుమారు 1,471 చదరపు కిలోమీటర్ల ప్రాంతము 2002వ సంవత్సరము వఱకు కాల్పుల ప్రాంతముగ ప్రకటింపబడెను. ఒక గెజిట్టు పుటలో ఇన్ని పొలిమేరలు ఒక్కసారిగా చేరుట చిన్న సంగతి కాదు.

ముందుగా సమీక్షింపవలెనను విధి ఎచ్చట పుట్టినదో కొంచెము చూతము. అమెరికాలో 1970 జనవరి 1వ తేదీన జాతీయ పర్యావరణ విధాన చట్టము అమలునకు వచ్చెను. సైన్యముతో సహా కేంద్ర ప్రభుత్వ శాఖలన్నియు పెద్ద పనికి పూనుకొనుటకు ముందు దాని ఫలితములను, వేఱు మార్గములను పరిశీలింపవలెనని దాని సారము. ఇది యెంతవఱకు పనిచేయునో తెలియుటకు ఆ దేశమున మసాచుసెట్సు రాష్ట్రములోని కేప్ కాడ్ ద్వీపకల్పము మంచి నిదర్శనము. అచ్చట క్యాంప్ ఎడ్వర్డ్సు అను సైనిక శిబిరము కలదు. నేల యిసుక, దాని క్రింది భూగర్భజలమే చుట్టుపట్ల ఊళ్లకు త్రాగునీరు. పలు దశాబ్దముల అభ్యాసము వలన ఆర్డీఎక్సు, పెర్క్లోరేటు వంటి ప్రేలుడు పదార్థములు ఆ నీటిలో చేరినవి. 1997లో పర్యావరణ పరిరక్షణ సంస్థ కాల్పులను నిలిపివేయించెను. 2002లో సుమారు 15,000 ఎకరములను జలరక్షణ భూమిగ శాసనము చేసిరి. పిమ్మట అచ్చటనే మరతుపాకుల అభ్యాసమునకై ఇంచుమించు 170 ఎకరముల వృక్షములను తొలగింప సంకల్పించి, నేషనల్ గార్డువారు తామే సమీక్ష జరిపి, చెప్పుకోదగిన హాని లేదని 2020లో వ్రాసిరి. 2023 ఏప్రిలులో పర్యావరణ పరిరక్షణ సంస్థ తన ముసాయిదా నిర్ణయమున, ఆ క్షేత్రమువలన త్రాగునీరు చెడి ప్రజారోగ్యమునకు ముప్పు కలుగవచ్చునని వేఱు అభిప్రాయము తెలిపెను. ఖర్చు చేసినవాడే తన లెక్కను తనిఖీ చేసికొనరాదను పాత నియమము ఎంత సత్యమో దీనివలన తెలియును.

మన దేశమున అడవినేలను ఇతర కార్యములకు వాడుటకు కేంద్ర ప్రభుత్వపు ముందస్తు అనుమతి కావలెనని 1980లో శాసనమైనది. పర్యావరణ సమీక్షను విధించు ప్రకటన 1994 జనవరి 27న వెలువడెను. 1997లో దానికి ప్రజావిచారణ చేర్చబడెను. అయితే 2006 నాటి ప్రకటన దేశరక్షణకు సంబంధించిన పనులను ప్రజాభిప్రాయ సేకరణనుండి మినహాయించినది. 2023 నాటి సవరణ, దేశభద్రతకు అవసరమైన కట్టడములకై 10 హెక్టార్ల వఱకు అడవినేలను, సరిహద్దులకు 100 కిలోమీటర్ల లోపల భద్రతకు సంబంధించిన మార్గములు మొదలగువానిని, అటవీ చట్టమునుండి తప్పించినది. ఇది మనకు దూరపు ముచ్చట కాదు. తెలంగాణమున వికారాబాదు జిల్లా దామగుండము అడవిలో 1,174 హెక్టార్ల నేలపై నౌకాదళమువారి రేడియో కేంద్రమునకు 2024 అక్టోబరు 15న శంకుస్థాపన జరిగెను. అది ఫిరంగుల పొలము కాదు. జలాంతర్గాములతో సంభాషించు స్థానము. అయినను వనమును, దేశరక్షణను ఒకే త్రాసున ఎట్లు తూచవలెనను ప్రశ్న మాత్రము అదియే.

సేనకు అభ్యాసము వలదని బుద్ధిమంతుడెవడును అనడు. కాల్చుట నేర్వని సైనికుని సరిహద్దునకు పంపుట పాపము. రక్షణ రహస్యములు కొన్ని గుప్తముగ నుండవలసినదే. కాని ఫిరంగి గుఱి రహస్యము కావచ్చును గాని, ఊరిబావి నీరు రహస్యము కాదు. అందఱును త్రాగు నీటి లెక్కను అందఱి యెదుట చదువుటవలన దేశమునకు వచ్చు లోపమేమియు నాకు కానరాదు.

ఎవరును అడుగని ఆ లెక్కను నేతర్‌హాట్ ప్రజలు తామే అడిగిరి. 1994 మార్చి 22, 23 తేదీలలో అభ్యాసమునకై వచ్చిన సైనిక వాహనములకు టుటువాపానీ వద్ద వేలకొలది స్త్రీపురుషులు అడ్డుగ నిలిచిరి. ఆయుధము పట్టినవారు లేరు. సైన్యమువారు వెనుకకు మరలిరి. అటుపిమ్మట ఆ పీఠభూమిపై కాల్పులు జరుగలేదు. అయినను కాగితము మాత్రము చావలేదు. 1999లో బీహారు ప్రభుత్వము గడువును 2022 మే 11వ తేదీ వఱకు పొడిగించెను. అందుచేత ఆ ప్రజలు ఏటేట అదే దినములలో అచ్చటనే సమావేశమగుచు వచ్చిరి. గడువు ముగియ వచ్చిన 2022 ఏప్రిలులో, భూమి నీయజాలమని గ్రామసభలు చేసిన తీర్మానములను గైకొని టుటువాపానీనుండి రాంచీ నగరమునకు పాదయాత్ర చేసిరి. ఆ సంవత్సరము ఆగస్టులో ముఖ్యమంత్రి శ్రీ హేమంత్ సోరెన్ గడువు పొడిగింపునకు సమ్మతింపలేదు.

ఈ చరిత్రవలన మన గ్రంథాలయము గ్రహింపదగిన దొకటి కలదు. 1999 నాటి ప్రకటనలోని గడువు తేదీని ఎఱిగి కనిపెట్టుకొని యుండుటవలననే ఆ గ్రామసభలు సమయమునకు తీర్మానములు చేయగలిగినవి. గెజిట్టు చదువువారు లేని యూరిలో ప్రకటన వెలువడినను వెలువడనట్లే. మన పఠనమందిరమున కావ్యపురాణముల సరసన గెజిట్టు ప్రతులకును ఒక బీరువా ఉండవలెను. దానితోపాటు మన ఊరి చెఱువుల లోతు, బావుల నీటిమట్టము, బంజరులోని చెట్ల సంఖ్య, కొండకు వచ్చు పక్షుల పేర్లు ఏటేట వ్రాసి యుంచు పుస్తక మొకటి ప్రారంభింపవలెనని కార్యవర్గమువారికి నా మనవి. అట్టి పుస్తకమునకు కావలసిన గీతలు గీసి, మొదటి యేటి వివరములు వ్రాసి యిచ్చుటకు నేను సిద్ధముగ నున్నాను.