బొగ్గుబస్సుల కాలం



వీపున సీఎన్జీ అని వ్రాసుకుని బందరు రోడ్డు మీద తిరిగే చిన్న సరుకుల బండ్లను చూసి, పెట్రోలు లేకుండా బండి నడపడం ఈనాటి విద్య అని మన పిల్లలు అనుకుంటారు. కృష్ణా డెల్టా ఆ పని ఎనభై ఏళ్ళ క్రితమే చేసింది. అదీ సరదాకు కాదు, గత్యంతరం లేక. రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో నడిచిన బొగ్గుబస్సుల సంగతి చెబుతున్నాను.

మన దేశంలో పెట్రోలుకు రేషను 1941లో వచ్చింది. మరుసటి ఏడు బర్మా పోయింది. మనకు చమురు పంపే దేశాల్లో అది ముఖ్యమైనది. 1942 మార్చిలో రంగూను జపాను వశమయింది. వెళ్ళిపోతూ వెళ్ళిపోతూ ఆంగ్లేయులు సిరియం శుద్ధి కర్మాగారాన్నీ, ఏప్రిల్‌లో యెనాంజాంగ్ చమురు బావులనూ తామే ధ్వంసం చేశారు. ఏప్రిల్ 6న కాకినాడ, విశాఖపట్టణాల మీద బాంబులు పడ్డాయి. బర్మాలో బ్రతుకుతెరువు చూసుకున్న మనవాళ్ళు వేలాదిగా కాలినడకన అడవులు దాటి ఇళ్ళకు చేరారు. అటు బియ్యం ఆగింది, ఇటు చమురు ఆగింది. ఉన్న కాస్త పెట్రోలు సైన్యానికి పోగా బస్సు యజమానులకు దక్కింది అరకొర.

అప్పుడు బస్సు వెనుక భాగాన మనిషెత్తు ఇనుప పీపా ఒకటి వెలిసింది. దానిలో కర్రబొగ్గు నింపి అడుగున నిప్పు పెట్టేవారు. ఇక్కడ చిన్న రసాయనశాస్త్రం అవసరం. బొగ్గు బాగా గాలి తగిలి మండితే వచ్చేది మన పాత వాచకాలలోని బొగ్గుపులుసు వాయువు. అది మండదు. గాలిని పొదుపుగా విడిచి, ఆ వాయువును ఎర్రగా కాలిన బొగ్గుల గుండా పైకి పంపితే, అది ఒక పాలు ప్రాణవాయువును పోగొట్టుకుని కార్బన్ మోనాక్సైడు అవుతుంది. ఇది మండుతుంది. దానిని గొట్టాలలో చల్లార్చి, మసి వడకట్టి, గాలి కలిపి ఇంజనుకు అందిస్తారు. ఐరోపాలోనూ అప్పట్లో ఇదే దారి. ఒక్క స్వీడన్‌లోనే 70,000కు పైగా వాహనాలు కట్టెతో, బొగ్గుతో నడిచాయి.

(మాట వచ్చింది కనుక చెబుతాను. ఇంధనమూ సమిధా ఒకే ధాతువు నుండి పుట్టాయి. మండించడమని దాని అర్థం. బస్సు నడవడానికి ముందు హోమమంత తతంగం జరిగిన రోజులలో ఆ చుట్టరికం కంటికి కనిపించి ఉంటుంది.)

ఆ వాయువులో సగానికి సగం మండని నత్రజని. కనుక ఇంజను బలం మూడోవంతు మొదలు సగం దాకా తగ్గేది. కొండదారులలో అది పెద్ద చిక్కు. మన డెల్టా అరచేయిలా చదును గనుక ఇక్కడ బండి లాక్కుపోగలిగిందని నా భావన. మాకు ఎత్తంటే కాలువ వంతెనే. వంతెన వచ్చినప్పుడు మగవాళ్ళు దిగి తోసేవారనీ, ఆవలి ఒడ్డున మళ్ళీ ఎక్కేవారనీ మా తండ్రిగారి తరం వాళ్ళు నవ్వుతూ చెప్పేవారు. బందరుకూ గుడివాడకూ అప్పటికే రైలుంది, బెజవాడ దాకా పడవల కాలువ ఉంది. దివిసీమకు రైలు ఆనాడూ లేదు, ఈనాడూ లేదు. రెండు పాయల నడుమ, సముద్రపుటంచున ఉన్న ఆ సీమకు బస్సు ఆగితే మిగిలేది పడవా, ఎద్దుబండీ, కాలినడకా. జబ్బు మనిషిని పట్నం చేర్చవలసినవాడికి ఆ బొగ్గుపీపా ఎంత పెద్ద విషయమో ఊహించండి.

నవ్వులాటగా చెప్పుకునే ఆ కథలలో క్లీనరు కుర్రవాడి కష్టం ఎవరూ చెప్పరు. తెల్లవారకముందే లేచి పీపాలో బూడిద తీయాలి, బొగ్గు పోయాలి, నిప్పు రాజేయాలి, వాయువు సరిగా పుట్టేదాకా చేతితో చక్రం తిప్పి గాలి ఊదాలి. దారిలో మంట తగ్గితే మళ్ళీ అదే పని. రంగూ వాసనా లేని ఆ కార్బన్ మోనాక్సైడు ప్రాణాంతక విషం. పీపా మూత తీసినప్పుడల్లా దానికి మొగమెదురుగా నిలిచేది అతడే. పెట్రోలు కరవు ఖరీదులో ఎక్కువ భాగం ఆ పిల్లవాడే చెల్లించాడని నేనంటే కాదనగలవారెవరు?

యజమానుల పేర్లు మాత్రం చరిత్రకెక్కాయి. యుద్ధానంతరం పెట్రోలు తిరిగివచ్చి పీపాలు పాత ఇనుములోకి పోయాయి. 1958లో ఆంధ్రప్రదేశ్ రోడ్డు రవాణా సంస్థ ఏర్పడి కృష్ణా జిల్లా బస్సులను జాతీయం చేయబూనితే, ఇక్కడి యజమానులు సుప్రీంకోర్టుకు వెళ్ళారు. గుళ్ళపల్లి నాగేశ్వరరావు కేసుగా న్యాయశాస్త్ర విద్యార్థులు నేటికీ చదివేది దానినే. అభ్యంతరాలు విన్నది కార్యదర్శి, నిర్ణయించింది ముఖ్యమంత్రి. విన్నవాడొకడు, తీర్పు చెప్పేవాడొకడు కారాదని కోర్టు ఆ పథకాన్ని కొట్టివేసింది. ఆ ఆధిక్య తీర్పు వ్రాసినవారు మన కోకా సుబ్బారావుగారే. జాతీయీకరణ ఆగలేదు, తరువాత జరిగింది. అది వేరే కథ.

బండికి వాయువు మళ్ళీ వచ్చింది వంటింటి దారిన. ప్రొపేను, బ్యూటేను కలిసిన వంటగ్యాసు పెట్రోలు కన్నా చవక కావడంతో 14.2 కిలోల ఎర్రబండలు కార్ల వెనుక చేరాయి. అది నేరమే, ప్రమాదమే. 2000లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించి, 2001లో ప్రత్యేక ఉత్తర్వు తెచ్చి, బండికి తగిన ట్యాంకుతో గ్యాసు వాడుకను ప్రభుత్వం సక్రమం చేసింది. వంటగ్యాసు కొద్ది ఒత్తిడికే ద్రవమవుతుంది. సీఎన్జీలోని మీథేను మామూలు వేడిమిలో ఎంత నొక్కినా ద్రవం కాదు. అందుకే దానిని 200 బార్ల ఒత్తిడితో దళసరి సిలిండరులో కుక్కుతారు, మూడేళ్ళకొకసారి ఆ సిలిండరును పరీక్ష చేయించాలి. డబ్బు మిగులుతుందని ఆ పరీక్ష దాటవేసేవారున్నారు. వారి బండి వెనుక నేను నడవను.

చిత్రమేమంటే, పెట్రోలు కోసం అంతగా ఎదురుచూసిన దివిసీమలోనే, నాగాయలంక దగ్గర, తరువాతి కాలంలో చమురూ సహజవాయువూ బయటపడ్డాయి. బొగ్గుబస్సు నడిచిననాడు అవి ఆ నేల కిందనే ఉన్నాయి.

1943లో పదేళ్ళ వయసున ఆ బస్సెక్కినవారికి ఇప్పుడు తొంభై దాటాయి. మీ ఇంట అటువంటి పెద్దలుంటే కూర్చోబెట్టి అడగండి. టిక్కెట్టు ఎంత, ఏ వంతెన దగ్గర దిగారు, చక్రం తిప్పిన కుర్రవాడి పేరేమిటి? చెప్పింది చెప్పినట్టు మీ బ్లాగులో వ్రాసి పెట్టండి.