నల్లమలలో ఫైర్ వాచ్ టవర్ ఎక్కొచ్చా? వెళ్లే ముందు ఇవి తెలుసుకోండి

మార్చిలో అహోబిలం బ్రహ్మోత్సవాలకు వెళ్తుంటేనో, నంద్యాల నుంచి గిద్దలూరు ఘాట్ రోడ్డులో పోతుంటేనో అడవిలో వాచ్ టవర్ కనిపిస్తే 'ఎక్కి ఒక ఫొటో దిగుదాం' అనిపిస్తుంది. కాస్త ఆగండి. ఫిబ్రవరి నుంచి వానలు పడేదాకా అక్కడ డ్యూటీలో మనిషి ఉండొచ్చు.

నల్లమల ఆకురాల్చే అడవి. ఎండలు ముదిరేసరికి నేలంతా ఎండుటాకులు, గడ్డి. ఆర్పకుండా పారేసిన బీడీ ముక్క చాలు. డెహ్రాడూన్‌లోని ఫారెస్ట్ సర్వే ఆఫ్ ఇండియా శాటిలైట్ల ద్వారా మంటల్ని గుర్తించి సిబ్బంది ఫోన్లకు ఎస్సెమ్మెస్ పంపుతుంది. 'వన్ అగ్ని' పోర్టల్‌లో పేరు నమోదు చేసుకుంటే మీకూ ఆ అలర్ట్‌లు వస్తాయి. మరి టవర్ మీద మనిషెందుకు? శాటిలైట్ రోజుకు కొన్నిసార్లే మన మీదుగా వెళ్తుంది. మధ్యలో పుట్టిన మంటను పట్టేది కన్నే. లేచింది పొగా, బండి రేపిన దుమ్మా అని తేల్చుకోవాలి, ఏ కొండ పక్కన ఉందో చెప్పాలి, ఆ కబురు కింది బేస్ క్యాంప్‌కు చేరాలి. ఆ పది నిమిషాలు మీ కబుర్లలో పోతే, కొమ్మలతో కొట్టి ఆర్పగలిగే మంట కొండెక్కి కూర్చుంటుంది.

ఇక అనుమతి సంగతి. ఈ వైపు అడవిలో చాలా భాగం గుండ్ల బ్రహ్మేశ్వరం అభయారణ్యం, నాగార్జునసాగర్-శ్రీశైలం టైగర్ రిజర్వ్ పరిధిలోనిదే. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం 27వ సెక్షన్ ప్రకారం అభయారణ్యంలో పబ్లిక్ రోడ్డు దాటి లోపలికి వెళ్లాలంటే పర్మిట్ ఉండాలి. అభయారణ్యానికి ముప్పు తెచ్చేలా నిప్పు పెట్టినా, ఆర్పకుండా వదిలేసినా 30వ సెక్షన్ కింద నేరమే. కాబట్టి ముందు నంద్యాల డీఎఫ్‌ఓ కార్యాలయంలో అడగండి. ఆళ్లగడ్డ వైపైతే రుద్రవరం రేంజ్ ఆఫీసులో. కాదంటే వాచర్‌ను బతిమాలొద్దు, చేతిలో డబ్బులు పెట్టొద్దు. మీ సరదా వల్ల మాట పడేది ఆయనే.

అనుమతి దొరికితే కింద నిలబడి "అన్నా, పైకి రావచ్చా?" అని అడగండి. ఆయన రమ్మన్నాకే మెట్లెక్కండి, అదీ ఒకరిద్దరే. ఆయనకూ కొండలకూ మధ్య నిలబడొద్దు. వైర్‌లెస్ సెట్ మోగిందంటే మాట ఆపేయండి. అక్కడి బిందెలో నీళ్లు మీకోసం పెట్టినవి కావు, ఎవరో మోసుకొచ్చినవి. మీ సీసా మీరే తీసుకెళ్లండి, వీలైతే ఆయనకూ ఒకటి. అగ్గిపెట్టె, సిగరెట్లు బండిలోనే ఉంచండి. వాచర్లలో చెంచులు చాలామంది. అడవి వాళ్లకు ఇల్లు, అడక్కుండా ఫొటో తీయడం మర్యాద కాదు. టవర్ లొకేషన్ రీల్‌లో పెట్టడం ఇంకా నయం కాదు. మర్నాడే పది బైకులు దిగుతాయి.

అడవి చూడటమే మీ కోరికైతే అటవీ శాఖ పచ్చర్ల, బైర్లూటిల్లో జంగిల్ క్యాంపులు పెట్టింది. దారిలో ఎక్కడైనా పొగ కనిపిస్తే ఆర్పడానికి లోపలికి దిగొద్దు. దగ్గర్లోని కిలోమీటరు రాయి అంకె చూసుకుని 112కు గానీ, ముందున్న ఫారెస్ట్ చెక్‌పోస్టులో గానీ చెప్పండి.