గోవుల కంటికి వన్నెలు

పశువుల వన్నెలను చెప్పుటకు తెలుగు రైతునకు మాటల కొదువ లేదు. నల్లనిది కఱ్ఱియావు, బూడిదవన్నెది మైలావు, గోధుమవన్నెది పుల్లావు, తెల్లమచ్చలు గలది బొల్లియావు. అమరసింహుడును తన కోశమునందలి వైశ్యవర్గమున, వన్నె మొదలగు భేదములనుబట్టి గోవులకు శబలి, ధవళ వంటి పేర్లు కలుగునని చెప్పెను.

మనిషి ఆవునందు ఇన్ని వన్నెలు చూచెను. ఆవు లోకమునందు ఎన్ని వన్నెలు చూచుచున్నదను ప్రశ్నకు మాత్రము చాలకాలము సరియైన సమాధానము లేకపోయెను. ఎఱుపును చూచిన ఎద్దు రేగునని కొందఱు, పశువులకు అసలు రంగులే కనబడవని కొందఱు చెప్పుచు వచ్చిరి. ఈ రెండు మాటలును ఒకదానితో నొకటి పొసగవు. రెండును నిజము కావు.

ఈ విషయము తేలుటకు ముందు మనుష్యుని కంటి మర్మము తెలియవలసి వచ్చెను. ఆంగ్ల రసాయన శాస్త్రవేత్త జాన్ డాల్టన్‌కు 1792లో ఒక గులాబివన్నె పువ్వు పగటి వెలుతురున ఆకాశవర్ణముగను, దీపపు వెలుతురున ఎఱ్ఱగను తోచెను. తన చూపు ఇతరుల చూపు వంటిది కాదని గ్రహించి, 1794లో మాంచెస్టరునందలి విద్వత్సభలో దానిని తానే వివరించెను. కంటిలోని ద్రవము నీలముగా నుండుటయే కారణమని తలచి, మరణానంతరము తన కన్నులను పరీక్షింపుడని కోరెను. 1844లో పరీక్షింపగా ఆ ద్రవము నిర్మలముగా నుండెను. భద్రపఱచిన ఆ కంటినుండి జన్యుపదార్థమును తీసి, ఆకుపచ్చ ప్రాంతపు వెలుగును గ్రహించు వర్ణద్రవ్యము అందు లేదని శాస్త్రజ్ఞులు 1995లో తేల్చిరి. మానవ నేత్రమున మూడు విధముల గ్రాహకములుండునని థామస్ యంగ్ 1802లో చేసిన ఊహ అంతకు మునుపే నిజమని తేలియుండెను.

ఇక పశువుల మాట. జేకబ్స్, డీగన్, నైట్జ్ అను అమెరికా శాస్త్రజ్ఞులు ఆవులు, మేకలు, గొఱ్ఱెల కన్నులను పరీక్షించి, వానికి రెండు విధముల శంకుకణములే కలవని 1998లో ప్రకటించిరి. ఆవు కంటిలో ఒకటి సుమారు 450 నానోమీటర్ల నీలి వెలుగునకును, రెండవది సుమారు 555 నానోమీటర్ల పసుపుపచ్చని వెలుగునకును మిక్కిలి స్పందించును. కావున ఆవు నీలమును పసుపునుండి వేఱుపఱుపగలదు. ఎఱుపు, ఆకుపచ్చల భేదము దానికి స్పష్టము కాదు.

స్పెయిను దేశపు వృషభక్రీడయే ఇందులకు సాక్ష్యము. ఎఱ్ఱవస్త్రము చివరి ఘట్టమున మాత్రమే వచ్చును. మొదట వాడు పెద్దవస్త్రము సాధారణముగా ముదురు గులాబి, పసుపు వన్నెలు గలది. ఎద్దు రెండింటి మీదికిని దుముకును. దానిని రేపునది వస్త్రపు కదలిక.

కావున పశువులను వర్ణాంధములనుట తగదు. అంధత్వమనగా ఉండవలసినది లోపించుట. క్షీరదములలో అధికభాగమునకు చూపు ఇట్టిదే. ఆవుకు లోపించినదేమియు లేదు. ద్వివర్ణదృష్టి యనుట యుక్తము.

ఇది కేవలము మాటల తగవు కాదు. పోట్లగిత్త ఎవరినైన పొడిచినపుడు నింద ఎఱ్ఱచీరపై పడినచో, అరుపులు, చేతులు విసరుట, వెంటబడిన కుక్క వంటి అసలు కారణములు మఱుగుపడును. చీర మార్చుకొన్నంతమాత్రమున ఆపద తొలగదు. గిత్తయెదుట నిదానముగా మెలగుటయే మేలైన జాగ్రత్త.