గరాజులో పాత ఫ్రిజ్, నాన్న లెక్క

కిందటి కార్యక్రమంలో కరెంటు బిల్లుల మాట వచ్చినప్పుడు, ఫ్రిజ్‌కి ఏడాదికి ఎంతవుతుందో కాస్త వివరంగా చెప్పమని కొందరు అడిగారు. సూటిగా చెప్పాలంటే ఇంత: ఇప్పటి మామూలు ఫ్రిజ్ ఏడాదికి 500 యూనిట్లు తీసుకుంటుందనుకుందాం. యూనిట్‌కి 30 సెంట్లయితే 150 డాలర్లు. కానీ ఈ 500 అనే అంకె వెనక పెద్ద కథ ఉంది. అందులో చివరి ముక్క మా గరాజులోనే జరిగింది.

మేము శాక్రమెంటో దగ్గర ఇల్లు కొన్నప్పుడు, అమ్మినవాళ్ళు గరాజులో ఒక పాత ఫ్రిజ్ వదిలేసి వెళ్ళారు. 1970ల నాటిది, బాదం రంగు. ఊరికే వచ్చింది కదా అని సంబరపడ్డాం. శనివారం పదిమందిని భోజనానికి పిలిస్తే ఇడ్లీ పిండి, పెరుగు గిన్నెలు, గోంగూర కట్టలు అన్నీ అందులోకే. మీలో చాలామంది ఇళ్ళలో ఇలాంటిది ఒకటి ఉండే ఉంటుంది.

2003 జూన్‌లో నాన్న తెనాలి నుంచి వచ్చారు. అమ్మ పోయి అప్పటికి రెండేళ్ళు. ఆయనకి ఎక్కడికెళ్ళినా మీటరు చూడటం అలవాటు. ఓ మధ్యాహ్నం, బయట 100 డిగ్రీల ఎండ, ఇంట్లో మిగతా అన్నీ కట్టేయించి మీటరు ముందు కుర్చీ వేసుకుని కూర్చున్నారు. అప్పటి మీటర్లలో చక్రం తిరిగేది. ఒక్క చుట్టుకి 7.2 వాట్-గంటలని మీటరు మీదే ఉంది. గంటలో 46 చుట్లు లెక్కపెట్టారు. అంటే మూడు గంటలకి ఒక యూనిట్, రోజుకి 8.

"ఒరే, ఇది రోజుకో డాలరు తింటోందిరా," అన్నారు. మా రేటు యూనిట్‌కి 13 సెంట్లు. లెక్క సరిగ్గానే ఉంది. నాకు మాత్రం కోపం వచ్చింది. వచ్చిన వారానికే ఇంటి ఖర్చు లెక్కలేమిటని విసుక్కున్నాను కూడా.

అసలు ఫ్రిజ్‌కి ఇంత ఆకలి ఎలా పుట్టిందని తరవాత పుస్తకాలు తిరగేశాను. 1947లో అమెరికాలో అమ్మిన కొత్త ఫ్రిజ్ సగటున ఏడాదికి 350 యూనిట్లు వాడేది. 1970ల మొదటికి అది 1,800 అయింది, ఐదు రెట్లు! సైజు పెరగడం ఒక్కటే కారణం కాదు. కరెంటు చవక కాబట్టి కంపెనీలు చవక మోటార్లు పెట్టాయి. లోపల చోటు ఎక్కువ కనబడాలని గోడలు పలచన చేశాయి. గోడలు పలచనైతే బయట చెమట పడుతుంది. దానికి మందేమిటో తెలుసా? ఆ గోడల్లోనే హీటరు తీగలు పెట్టారు. చల్లబరిచే పెట్టెని వెచ్చబెట్టడానికి కరెంటు, మళ్ళీ ఆ వేడిని లాగేయడానికి కరెంటు! మంచు దానంతటదే కరగడానికి ఇంకో హీటరు.

1973లో చమురు సంక్షోభం వచ్చింది. ఆ నవంబరులో ఓ శుక్రవారం రాత్రి బర్క్‌లీలో ఆర్థర్ రోసెన్‌ఫెల్డ్ అనే భౌతిక శాస్త్రవేత్త ఇంటికెళుతూ తన అంతస్తులో లైట్లు ఆర్పుదామనుకున్నారు. స్విచ్చులు బీరువాల వెనకా, పుస్తకాల వెనకా ఉంటే వెతకడానికి ఇరవై నిమిషాలు పట్టింది. ఆయన ఎన్రికో ఫెర్మీ శిష్యుడు. కణ భౌతిక శాస్త్రం పక్కన పెట్టి కరెంటు పొదుపు పనిలో దిగారు. ఫ్రిజ్‌లకి ప్రమాణాలు పెడితే కొత్త విద్యుత్ కేంద్రాల అవసరమే తగ్గుతుందని కాలిఫోర్నియా ప్రభుత్వానికి లెక్కలతో చూపించిన వాళ్ళలో ఆయన ముఖ్యుడు. రాష్ట్రం 1976లో ప్రమాణాలు ఆమోదించింది. ఈ పని చేసిన ఎనర్జీ కమిషన్‌కి పునాది వేసిన 1974 చట్టం మీద సంతకం పెట్టిన గవర్నరు రోనాల్డ్ రీగన్. ఆయనే అధ్యక్షుడయ్యాక 1986లో దేశమంతటికీ ఇలాంటి చట్టం వస్తే ఆపేశారు. 1987లో మళ్ళీ వస్తే సంతకం పెట్టారు. రాజకీయాలు అలాగే ఉంటాయి లెండి.

ఆ తరవాత 1990, 1993, 2001లలో ఒక్కో మెట్టు బిగించారు. 2001 నాటికి కొత్త ఫ్రిజ్ వాడకం 1970ల నాటి దాంట్లో దాదాపు పావు వంతుకి దిగింది. ఫ్రిజ్ చిన్నదీ కాలేదు, ధరవరల పెరుగుదల తీసేసి చూస్తే ఖరీదూ పెరగలేదు. మన దేశంలో నక్షత్రాల చీటీ 2006లో మొదలైంది. ఫ్రాస్ట్ ఫ్రీ ఫ్రిజ్‌లకి 2010 నుంచి తప్పనిసరి చేశారు.

మళ్ళీ మా గరాజుకి వస్తాను. మర్నాడు పొద్దున్న కాఫీ తాగుతూ నాన్న ఉన్నట్టుండి, "మన ఊళ్ళో 165 లీటర్ల సింగిల్ డోరు ఎంత తినేదంటావు?" అని అడిగారు. హీటర్లు ఉండవు కాబట్టి రోజుకి యూనిట్‌కి కాస్త పైన అన్నాను.

"నెలకి నలభై యూనిట్లు. అంతేనా?"

అంతే అన్నాను.

ఆయన చాలాసేపు మాట్లాడలేదు. మా ఇంట్లో ఫ్రిజ్ కావాలని అమ్మ పదేళ్ళు అడిగింది. బిల్లు భరించలేమని నాన్న కొననివ్వలేదు. వేసవిలో పాలు రోజుకి మూడుసార్లు కాచేది, మిగిలిన పప్పు నీళ్ళ పళ్ళెంలో పెట్టేది. ఆయన ఆ లెక్క ఎప్పుడూ వెయ్యలేదు. బిల్లు ఎక్కువవుతుందని ఎవరో అంటే నమ్మారు, అంతే.

"ఒక్కసారి లెక్క చూడాల్సిందిరా," అన్నారు. నేను ముందు రోజు విసుక్కున్నందుకు తలదించుకున్నాను.

మా ఆవిడ మొదట ఒప్పుకోలేదు. "మావయ్యగారూ, పండక్కి పిండి ఎక్కడ పెట్టను?" అంది. చివరికి పాత ఫ్రిజ్‌లు పట్టుకెళ్ళేవాళ్ళకి ఫోను చేశాం. వాళ్ళు బండి మీదకి ఎక్కిస్తుంటే నాన్న మీటరు దగ్గరే నిలబడి ఉన్నారు. చక్రం మెల్లగా తిరుగుతోంది.

తెనాలి వెళ్ళిన నెలకి ఫోను చేశారు. తనకంటూ చిన్న ఫ్రిజ్ ఒకటి కొన్నారట. నేను అడక్కముందే మొదటి నెల అంకె చెప్పారు. ముప్ఫై ఎనిమిది.