రక్తపుపోటూ, కొత్త జ్వరమూ

మాదాపూరులో సైబర్ టవర్స్‌ను 1998 నవంబరు 22న అప్పటి ప్రధాని వాజపేయిగారు ప్రారంభించారు. ఆ తరువాత ఇరవై ఏళ్ళలో రాళ్ళగుట్టల నడుమ అద్దాల పట్నమే వెలిసింది. రాత్రిళ్ళు కూడా దీపాలారని ఆ మేడలు 2020 మార్చిలో ఖాళీ అయిపోయాయంటే, కంటికి కనబడని పురుగు మహత్యం చూడండి! మార్చి 2న తెలంగాణలో తొలి కరోనా కేసు బయటపడింది. 4వ తేదీన మైండ్‌స్పేస్‌లో ఒక ఉద్యోగినికి సోకిందేమోనని ఆ భవనంలో వాళ్ళందర్నీ ఇళ్ళకు పంపేశారు. తీరా ఆమెకు లేదని తేలిందనుకోండి. ఏప్రిల్‌లో గచ్చిబౌలి క్రీడాభవనం 1,500 పడకల 'టిమ్స్' ఆస్పత్రిగా మారింది.

కుర్రకారు లాప్‌టాప్‌లు చంకన పెట్టుకుని ఇళ్ళు చేరారు. ఆ ఇళ్ళల్లోనే బి.పి. బిళ్ళలు మింగే అమ్మానాన్నలూ, అత్తమామలూ ఉన్నారు. అసలు కథ ఇక్కడుంది.

చైనా వెళ్ళొచ్చిన ప్రపంచ ఆరోగ్య సంస్థ బృందం 2020 ఫిబ్రవరిలో ఒక లెక్క చెప్పింది. వేరే జబ్బేదీ లేని రోగుల్లో నూటికి 1.4 మంది పోతే, రక్తపుపోటు ఉన్నవారిలో 8.4 మంది పోయారట. వింటే గుండె ఝల్లుమనదూ! అయితే బి.పి. ఉన్నవారిలో పెద్దవాళ్ళే ఎక్కువ కదా, ఆ పాపంలో వయసుకూ వాటా ఉంది. అలాగని పోటు తప్పేమీ లేదనీ కాదు. ఏళ్ళ తరబడి అది ఎక్కువగా ఉంటే రక్తనాళాలు బిరుసెక్కుతాయి, గుండె అలిసిపోతుంది, మూత్రపిండాలు దెబ్బతింటాయి. ఊపిరితిత్తులకు జబ్బు చేసి ప్రాణవాయువు తగ్గినప్పుడు ఆ బరువు మోయడానికి అలాంటి గుండెకు శక్తి చాలదన్నమాట.

అంతలో ఇంకో భయం! వైరస్ మన కణాల్లో దూరే తలుపు పేరు ఏస్-2. టెల్మిసార్టాన్, రామిప్రిల్ వంటి మందులు ఆ తలుపుల్ని పెంచుతాయేమోనని, జంతువులపై చేసిన ప్రయోగాలను బట్టి కొందరు అనుమానపడ్డారు. మరి బిళ్ళ మానెయ్యాలా? బ్రెజిల్ వైద్యులు ఆ సంగతి తేల్చారు. ఆస్పత్రిలో చేరిన 659 మందిలో దాదాపు సగంమందికి ఆ జాతి మందులు 30 రోజులు ఆపారు, మిగతావారికి కొనసాగించారు. 2021 జనవరిలో ఫలితం అచ్చయింది. మానినందువల్ల ఒరిగిందేమీ లేదు.

పోటుకు నొప్పి ఉండదు. అందుకే కాబోలు, ఇంటిల్లిపాది బిళ్ళలూ గుర్తుంచుకునే ఇల్లాలు తనది మరిచిపోతుంది. ఏ జ్వరమైనా కబురుపెట్టి రాదు సుమండీ! పట్టీ చేతికి చుట్టించుకోవలసింది జ్వరం వచ్చాక కాదు, ఒళ్ళు బాగున్నప్పుడే.